అమ్ముగూడ స్టేషన్‌లో దిగాం

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసివ్వమని సంపాదకవర్గం తమ్ముళ్ళు అడిగారు. 'పోటీ పరీక్షలకు ఎలా చదవాలి' అన్న విషయం మీద రాస్తే బాగుంటుందన్నారు. పీజీ దాకా వచ్చాం కాబట్టి ఆ మాత్రం చెప్పగలమని వాళ్ళ నమ్మకం. ఆ విషయం మరో సంచికలో ఎవరైనా రాస్తారు. ఈసారి మేము చేసిన ఒక తప్పు గురించి రాయాలనుకున్నాం. మేము అంటే అప్పట్లో తొమ్మిదో నంబరు గదిలో ఉన్న ఆరుగురు సీనియర్లం. రాస్తున్న చెయ్యి ఒకటే అయినా మాట ఆరుగురిది.

2022 నవంబరు. ఖతార్‌లో ప్రపంచ కప్ ఫుట్‌బాల్ జరుగుతోంది. అప్పటికి మేము డిగ్రీలో ఉన్నాం. హాస్టల్ టీవీ రాత్రి పదింటికే బంద్. ఆ ఏడాది జియో సినిమాలో మ్యాచులన్నీ ఉచితంగా వచ్చాయి. బోర్లించిన బకెట్ మీద ఫోను నిలబెట్టి, దాని చుట్టూ దుప్పట్లు కప్పుకుని కూర్చునేవాళ్ళం. ఒక రోజు అర్ధరాత్రి పన్నెండున్నరకు వేల్స్, అమెరికా మ్యాచ్. మాకు వేల్స్ ఎక్కడుందో కూడా తెలీదు. ఆ మ్యాచ్ చూడాల్సిందేనని పట్టుబట్టినవాడు ఇంటర్ రెండో సంవత్సరం తమ్ముడు. పరిగి వైపు పల్లె నుంచి వచ్చాడు. వాళ్ళమ్మ కూలికి పోతుంది. మా హాస్టల్ వెనక ఖాళీ జాగాలో ఎడమ కాలితో ఆడేవాడు. ఆ కాలికి బంతి అతుక్కుపోయినట్టుండేది. ఎర్రగడ్డ ఆదివారం సంతలో 300 రూపాయలకు కొన్న పాత బూట్లు వాడివి. ఒక బూటు అరికాలు ఊడిపోతే సైకిల్ ట్యూబు ముక్కతో కట్టుకునేవాడు.

"గీన పేరు గారెత్ బేల్ అన్నా. గీనది గూడ ఎడమ కాలే" అని చెప్పి ఆ తమ్ముడు కళ్ళార్పకుండా చూశాడు. 82వ నిమిషంలో బేల్ పెనాల్టీ కొట్టాడు. 1-1. వార్డెన్ సారు గది పక్కనే కాబట్టి అరవడానికి లేదు. వాడు తువ్వాలు నోట్లో కుక్కుకుని నేల మీద దొర్లాడు.

తర్వాత వేల్స్ సంగతి తెలుసుకున్నాం. ఆ దేశ జనాభా సుమారు 31 లక్షలు. మన హైదరాబాద్‌లో సగం కూడా లేదు. 1958 తర్వాత మళ్ళీ 64 ఏళ్ళకు ప్రపంచ కప్‌కు వచ్చారు. బేల్ తండ్రి ఒక బడిలో ఆవరణా భవనాలూ చూసుకునే ఉద్యోగి. బేల్ పదహారేళ్ళకే, 2006 ఏప్రిల్‌లో, సౌతాంప్టన్ క్లబ్బు తరఫున పెద్దవాళ్ళతో ఆడాడు. అన్నిటికంటే మాకు నచ్చిన సంగతి ఇంకొకటి. ఆయన చదువుకున్న హైస్కూల్లో ఆటల మాస్టారు ఆయనకు ప్రత్యేకంగా ఒక నియమం పెట్టాడట. 'నువ్వు ఎడమ కాలు వాడకూడదు' అని. ఆ కాలు వాడితే మిగతా పిల్లలకు ఆటే ఉండదు కాబట్టి.

ఆ కథ విని అందరం నవ్వుకున్నాం. తమ్ముడు మాత్రం నవ్వలేదు. "అన్నా, మన దిక్కోళ్ళు ఎవ్వలు లేరా గిట్ల ఆడినోళ్ళు?" అని అడిగాడు. భూటియా పేరు చెప్పాం, ఛెత్రి పేరు చెప్పాం. "గాళ్ళు ఎరుకనే. మన దిక్కోళ్ళు?" అన్నాడు మళ్ళీ. మా ఆరుగురిలో ఒక్కరికీ సమాధానం తెలీదు. పడుకోరా, రేపు కాలేజీ ఉంది అన్నాం. తెలియనప్పుడు సీనియర్లు చెప్పే మాట అదే కదా.

జనవరిలో ఆ తమ్ముడు ఒక కాగితం పట్టుకుని మా గదికి వచ్చాడు. ఒక క్లబ్బు వాళ్ళ యువ జట్టుకు సెలక్షన్లు. మూడు రోజులు, నగరానికి అవతల. పుట్టిన తేదీ సర్టిఫికెట్, డాక్టరు సర్టిఫికెట్, సొంత బూట్లు, షిన్‌గార్డులు తెచ్చుకోవాలి. ఎంపికైతే వేరే రాష్ట్రంలో ఉండాలి. తిండి, బస వాళ్ళవే. మొదటి ఏడాది జీతం ఉండదు. "పోవాల్నా అన్నా?" అని అడిగాడు.

ఆ సాయంత్రం గదిలో మీటింగ్ పెట్టాం. వాణ్ని బయట నిలబెట్టి తలుపు వేసుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే అన్నిటికంటే సిగ్గనిపించేది ఆ తలుపు.

మా లెక్కలు మాకున్నాయి. ఆ రోజుల్లో మన మెస్ ఛార్జీ నెలకు 1,500 రూపాయలు. రోజుకు 50. మూడు పూటల తిండి అందులోనే. ఆ 50 రూపాయల తిండి మీద పెరిగిన ఒళ్ళు, చిన్నప్పటి నుంచి పాలూ మాంసమూ తిని పెరిగిన పిల్లలతో పోటీపడాలి. బూట్లకు వెయ్యికి తక్కువ కాదు. ఫిబ్రవరిలో ప్రాక్టికల్స్, మార్చిలో పరీక్షలు. రేపు మోకాలు విరిగితే ఎవరు చూస్తారు? వాళ్ళ ఇంట్లో ఇంటర్ దాకా వచ్చిన మొదటివాడు వాడే. మా ఆరుగురి ఇళ్ళలో కూడా డిగ్రీ గడప తొక్కిన మొదటివాళ్ళం మేమే. మాకు తెలిసిన దారి ఒక్కటే: చదువు, సర్టిఫికెట్, ఉద్యోగం. ఆ దారిలోంచి ఒక్కడు పక్కకు జరిగితే ఎక్కడికి పోతాడో మాకు తెలీదు. తెలియని చోటికి తమ్ముణ్ని ఎట్లా పంపుతాం? కూటి కోసం కోటి విద్యలంటారు గానీ, మాకు మాత్రం ఆ కోటిలో ఒక్కటే విద్య కనిపించింది.

ఐదుగురం వద్దన్నాం. ఒక్కడు పంపుదాం అన్నాడు. తలుపు తీసి చెప్పాం, "ఆట అన్నం పెట్టది తమ్మీ. ముందుగాల ఇంటర్ పాసు గా." వాడు ఎదురు చెప్పలేదు. "సరే అన్నా" అని వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి ఖాళీ జాగాకు రావడం మానేశాడు. మేమంతా వాడు బుద్ధిగా చదువుకుంటున్నాడనుకుని సంతోషించాం.

2023 ఫిబ్రవరి 16న తులసీదాస్ బలరాం కోల్‌కతాలో కన్నుమూశారు. మర్నాడు హాస్టల్‌కు వచ్చే పేపర్లో ఆటల పేజీలో ఆ వార్త ఉంది. మాలో ఎవరమూ ఆ పేరు అంతకుముందు విని ఉండలేదు. పేజీ తిప్పబోతుంటే ఒక ఊరి పేరు దగ్గర కన్ను ఆగింది. అమ్ముగూడ. సికింద్రాబాద్ పక్కన ఉన్న అమ్ముగూడ. నవంబరు రాత్రి తమ్ముడు అడిగిన ప్రశ్నకు జవాబు మూడు నెలలు ఆలస్యంగా, అదీ ఆ మనిషి పోయిన తర్వాత, మాకు దొరికింది.

అప్పటి నుంచి బలరాం గురించి దొరికిందల్లా చదివాం. ఆయన 1936లో అమ్ముగూడలో ఒక పేద తమిళ కుటుంబంలో పుట్టారు. అది సైనికుల కంటోన్మెంట్ ప్రాంతం. అక్కడి గల్లీల్లోనే బంతి నేర్చుకున్నారు. అప్పటి హైదరాబాద్ ఫుట్‌బాల్ ఇప్పటిలాంటిది కాదు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టును తయారుచేసినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. వృత్తికి బడిపంతులు. భారత జట్టుకూ ఆయనే కోచ్. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవాళ్ళు కొందరు వట్టి కాళ్ళతోనే ఆడి యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఓడిపోయారు. ఆ తర్వాతే మన దేశంలో బూట్లు తప్పనిసరి చేశారు. అంటే ఆ కాలంలో బూట్లు లేకపోవడం మా తమ్ముడొక్కడి కష్టం కాదు, దేశం కష్టం.

రహీం సాహెబ్ కుర్ర బలరాం ఆట చూసి శిక్షణకు రమ్మన్నారు. అమ్ముగూడ నుంచి హైదరాబాద్ నడిబొడ్డుకు పదిహేను కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. రోజూ రావడానికి నా దగ్గర డబ్బుల్లేవని కుర్రాడు చెప్పాడట. సాహెబ్ సైకిలు అద్దెకు తీసుకోమని తన జేబులోంచి డబ్బులిచ్చారని చెబుతారు. ఆ తర్వాత జరిగిందంతా చరిత్ర. హైదరాబాద్ జట్టు 1956-57, 1957-58ల్లో వరుసగా సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ జట్లలో బలరాం ఉన్నారు. 1956లో ఇరవయ్యేళ్ళ వయసులో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళారు. భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో మన దేశం అంతకంటే పైకి ఎన్నడూ పోలేదు. 1957లో కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్‌లో చేరారు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒక గోలు ఆయనవే. 1961లో ఈస్ట్ బెంగాల్ కెప్టెన్. 1962లో జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణం తెచ్చిన జట్టులో ఆయనొకరు. అదే ఏడాది అర్జున అవార్డు.

మరుసటి ఏడాది అంతా అయిపోయింది. 1963లో రహీం సాహెబ్ క్యాన్సర్‌తో పోయారు. అదే కాలంలో బలరాంకు ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది. 27 ఏళ్ళకే ఆట ఆపేయాల్సి వచ్చింది. మిగతావాళ్ళు ఆటలో ముదిరే వయసులో ఆయన ఆట ముగిసింది. ఆ తర్వాత దాదాపు అరవై ఏళ్ళు బతికారు. ఆయన్ను నిలబెట్టింది రైల్వే ఉద్యోగం. బెంగాల్ నాగపూర్ రైల్వే జట్టుకు వెళ్ళినప్పుడు దొరికిన ఉద్యోగం అది.

ఇది చదివాక మాలో మాకు గొడవైంది. ఒకడన్నాడు, "చూశారా, మనం చెప్పిందే నిజం. 27 ఏళ్ళకు ఆట పోయింది, ఉద్యోగమే అన్నం పెట్టింది." ఆ మాట కొట్టేయడానికి లేదు. ఇంకొకడు, అంటే మొదట్లో పంపుదాం అన్నవాడు, నెమ్మదిగా అన్నాడు: "ఆ ఉద్యోగం ఎందుకు వచ్చింది? ఆట వల్లనే కదా. ఆ ఆట ఎందుకు వచ్చింది? సైకిలు అద్దె వల్ల."

గదిలో ఎవరమూ మాట్లాడలేదు. మా భయం తప్పు కాదు. ఆ భయం మా అమ్మానాన్నలు చెమటోడ్చి సంపాదించి ఇచ్చిన ఆస్తి. కానీ రహీం సాహెబ్ స్థానంలో మేముంటే ఏం చెప్పేవాళ్ళం? "డబ్బుల్లేవా తమ్మీ, అయితే చదువుకో" అనేవాళ్ళం. ఆయన సలహా ఇవ్వలేదు, అద్దె ఇచ్చాడు. కార్డిఫ్ మాస్టారు కూడా బేల్ ఎడమ కాలును కట్టేశాడు గానీ, ఆ కాలు ఎంత గొప్పదో తెలిసి కట్టేశాడు. మేము ఒక్కసారైనా ఆ సెలక్షన్ల దాకా వెళ్ళి చూడకుండానే, తలుపు వేసుకుని, చేతులెత్తి కట్టేశాం.

పరీక్షలు అయ్యాక, తమ్ముళ్ళు ఊళ్ళకు పోయే ముందు, ఒక ఆదివారం పొద్దున ఆ తమ్ముణ్ని లేపాం. ఎక్కడికన్నా అన్నాడు. చెప్పలేదు. లింగంపల్లిలో ఎమ్ఎమ్‌టీఎస్ ఎక్కాం. 2003 నుంచి ఈ బండి ఇక్కడి నుంచే బయల్దేరుతోంది. అది ఆ ఏప్రిల్‌లోనే సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ దాకా కూడా మొదలైంది. సికింద్రాబాద్‌లో మారి, మల్కాజిగిరి, సఫిల్‌గూడ దాటి అమ్ముగూడ స్టేషన్‌లో దిగాం. ఎండ అప్పటికే మాడుస్తోంది.

దిగి ఏం చూడాలో మాకు తెలీదు. టీ కొట్టు దగ్గర అడిగాం. నలుగురిలో ముగ్గురు ఆ పేరే వినలేదన్నారు. నాలుగో ఆయన ముసలాయన. "బలరామా? ఫుట్‌బాల్ బలరామ్? పేపర్ల పడ్డడు గద మొన్న" అన్నాడు. అంతకంటే ఆయనకూ తెలీదు. ఒక గోడ పక్కన నీడలో కూర్చుని బలరాం కథ మొత్తం తమ్ముడికి చెప్పాం. సైకిలు సంగతి దగ్గర ఆగాం. అప్పుడు చెప్పాల్సిన మాట చెప్పాం. "తమ్మీ, మేం తప్పు చేసినం. పోవద్దని అనుడు తప్పు కాకపోవచ్చు. నిన్ను బయట నిలబెట్టుడు తప్పు."

వాడు చాలాసేపు రాళ్ళు ఏరి పట్టాల వైపు విసిరాడు. తర్వాత అన్నాడు, "అన్నా, మీరు పొమ్మన్నా నేను పోకపోతుంటి. నాకు బూట్లు లేవు. మీరు వద్దంటే మీ మీదికి పోతది గదా అని అడిగిన."

ఆ మాటకు మేము ఏం సమాధానం చెప్పగలం? వాడు సలహా కోసం రాలేదు. బూట్ల కోసం వచ్చాడు. అడగడానికి మొహమాటపడి ప్రశ్న మార్చాడు. తమ్ముళ్ళారా, మన హాస్టళ్ళలో చాలా ప్రశ్నలు ఇట్లాగే మారిపోయి వస్తాయి. 'పోవాల్నా అన్నా' అంటే 'పైసలున్నయా అన్నా' అని అర్థం.

ఆ రోజు తిరిగి వచ్చి ఒక పని చేశాం. పాత బిస్కెట్ల డబ్బా ఒకటి తీసుకుని దానికి చీలిక కోశాం. స్కాలర్‌షిప్ పడ్డ రోజున ఒక్కొక్కరు పది రూపాయలు, ఇరవై రూపాయలు. మన పూర్వ విద్యార్థులు, ఉద్యోగాల్లో ఉన్న అన్నలు, వచ్చినప్పుడల్లా వంద, రెండు వందలు. దానికి 'సైకిలు అద్దె' అని పేరు పెట్టాం. జూన్ నాటికి రెండు జతల బూట్లు వచ్చాయి. ఒకటి ఆరో నంబరు, ఒకటి ఎనిమిదో నంబరు. ఎవరి మ్యాచ్ ఉంటే వాళ్ళు వేసుకుని, కడిగి పెట్టాలి. ఆ ఏడాదే మనం ఆడే ఖాళీ జాగా చుట్టూ రేకులు లేచాయి. ఇప్పుడక్కడ అపార్ట్‌మెంట్ ఉంది. అయినా డబ్బా ఆగలేదు.

2024 సెప్టెంబరు 3న గచ్చిబౌలి స్టేడియంలో భారత్, మారిషస్ మ్యాచ్ జరిగింది. 2003లో ఆఫ్రో ఆసియా క్రీడలు జరిగిన స్టేడియమే అది. మన హాస్టల్ నుంచి బస్సులో దగ్గరే. అందరం కలిసి వెళ్ళాం. 0-0. ఒక్క గోలూ లేదు. ఆరు రోజుల తర్వాత సిరియా చేతిలో 3-0తో ఓడిపోయాం. తమ్ముడు మాత్రం మొదటి మ్యాచ్ నుంచి తిరిగి వస్తూ, ఎవడు ఎక్కడ నిలబడాల్సింది ఎక్కడ నిలబడ్డాడో బస్సు దిగేదాకా చెబుతూనే ఉన్నాడు. అదే ఏడాది చివర్లో మెస్ ఛార్జీ 2,100 అయింది. వాడు మొదట లెక్కేసింది గుడ్లనే.

2025 మేలో వాడు పేపర్ ముక్క ఒకటి కత్తిరించి తొమ్మిదో నంబరు గది తలుపు మీద అంటించాడు. నిజామాబాద్ జిల్లా తండా బిడ్డ గుగులోత్ సౌమ్య 2024-25కు దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా ఎంపికైంది. 2001లో పుట్టింది. మా ఈడుకు రెండేళ్ళు అటూ ఇటూ. 2022లో, మేము బకెట్ మీద ఫోను పెట్టుకుని చూస్తున్న ఏడాదే, ఆమె క్రొయేషియా వెళ్ళి డైనమో జాగ్రెబ్ మహిళల జట్టులో చేరింది. 2024-25లో భారత మహిళల లీగ్ గెలిచిన ఈస్ట్ బెంగాల్ జట్టులో ఆడింది. బలరాం ఆడిన అదే ఈస్ట్ బెంగాల్. 'మన దిక్కోళ్ళు' అని వాడడిగిన రాత్రి కూడా ఆమె మన నేల నుంచే వెళ్ళి ఆడుతోంది. మాకే తెలీదు.

అంతా మంచే జరిగిందని రాయలేం. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్ళిపోయింది. మనవాడు సెలక్షన్లకు పోయి ఉంటే ఏమయ్యేవాడో ఎవరూ చెప్పలేరు. ఇప్పుడు డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాడు. నగరంలో ఒక చిన్న క్లబ్బుకు ఆడుతున్నాడు. దారి ఖర్చులు ఇస్తారు, అంతే. ఆదివారాలు పొద్దున ఎక్కడ జాగా దొరికితే అక్కడ చిన్న క్లాసుల పిల్లలకు నేర్పిస్తున్నాడు. ఆటల కోటాలో పోలీసు ఉద్యోగానికి దరఖాస్తు చేస్తానంటున్నాడు. పాత సిటీ పోలీస్ జట్టు కథ చెప్పింది మేమే కాబట్టి ఆ పాపంలోనో పుణ్యంలోనో మాకు కొంత వాటా ఉంది.

ఈ ఏడాదితో మేము ఆరుగురం హాస్టల్ విడిచిపెడుతున్నాం. ఇన్నేళ్ళూ మన పిల్లలు పెద్ద ఆటల్లో అరటిపండు లెక్కనే ఉన్నారు. ఆడుతున్నట్టే ఉంటుంది, లెక్కలోకి రారు. ఆ లెక్క మార్చడం ఒక్క హాస్టల్ వల్ల కాదు. కానీ రేపు ఎవరో తమ్ముడు కాగితం పట్టుకుని 'పోవాల్నా అన్నా' అని తొమ్మిదో నంబరు గది తలుపు కొడతాడు. ఆట కావచ్చు, పాట కావచ్చు, వేరే ఊళ్ళో సీటు కావచ్చు. వాణ్ని లోపలికి పిలవండి. మంచం మీద కూర్చోబెట్టండి. వద్దని చెప్పాల్సి వస్తే వాడి ముందే చెప్పండి. అంతకంటే ముందు బూట్ల నంబరు అడగండి.

డబ్బా ఆఫీసు గది అలమారాలో పై అరలో ఉంది. తాళంచెవి వంటమ్మ దగ్గర ఉంటుంది. పూర్వ విద్యార్థులు వార్షికోత్సవానికి వచ్చినప్పుడు అటువైపు ఒకసారి చూడగలరు. ఎనిమిదో నంబరు జత అరిగిపోయింది.